హన్మకొండ బ్రిడ్జ్ తరగతి: బల్ల దగ్గర మంచి చదువు, కాగితం మీద అరకొర

హన్మకొండలో నక్కలగుట్ట వైపు, ఒక మేడమీది గదిలో సాయంత్రం పూట బ్రిడ్జ్ అనే పత్తాలాట నేర్పుతున్నారు. నేర్పేవారు రైల్వేలోనో బ్యాంకులోనో పనిచేసి విరమించినవారు. నేర్చుకునేవారిలో కాలేజీ పిల్లల నుంచి తాతల వరకు ఉన్నారు. పత్తాలాట అనగానే రమ్మీ, మూడు ముక్కలాట మాత్రమే గుర్తుకు వచ్చే మన వైపు ఈ ఆటను పద్ధతిగా చెప్పే చోటు దొరకడమే అరుదు కాబట్టి, చేరదలచిన వారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. బ్రిడ్జ్‌లో వాడే మాటలను పత్తాలు చేతిలో ఉండగా నేర్పడంలో ఈ తరగతికి వంక పెట్టలేము. అవే మాటలను ఇంటికి తీసుకువెళ్లి చదువుకోవడానికి వీరు ఇచ్చే కాగితాలు మాత్రం ఎంత త్వరగా మార్చుకుంటే అంత మంచిది.

మాటల గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ ఆటలో సగం పందెం అక్కడే జరుగుతుంది. నలుగురు ఆటగాళ్లు, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరిద్దరు ఒక జట్టు, ఒక్కొక్కరికి 13 పత్తాలు. పత్తా వేయడానికి ముందు వేలం జరుగుతుంది. ఆ వేలంలో ఆటగాడు పలకదగిన మాటలు మొత్తం 15 మాత్రమే: ఒకటి నుంచి ఏడు వరకు అంకెలు, నాలుగు రంగుల పేర్లు, నో ట్రంప్, పాస్, డబుల్, రీడబుల్. అన్నిటికన్నా కింద కళావరు, ఆ పైన డైమను, ఆఠీను, ఇస్పేటు, అన్నిటికన్నా పైన తురుపు లేని నో ట్రంప్. అంకెలను వీటితో కలిపితే 35 బిడ్లు అవుతాయి. బిడ్ అంటే, ఆ రంగు తురుపుగా ఆరుకు పైన అన్ని ట్రిక్కులు (నలుగురూ ఒక్కో పత్తా వేసే చుట్లు) గెలుస్తామన్న మాట. వేలంలో చివరికి నిలిచిన బిడ్ 'కాంట్రాక్టు'. ఎదుటివాని చేతిలో ఏమున్నదో, మన చేతిలో ఏమున్నదో ఈ కొద్దిపాటి మాటలతోనే జట్టువాళ్లు చెప్పుకోవాలి. గొంతు పెంచి చెప్పినా, ఆలోచించినట్టు నటించి చెప్పినా, కనుబొమ్మ ఎగరేసినా నియమ విరుద్ధం. ఊళ్లో పత్తాలాడుతూ "వెయ్ బావా, ఇంకేం జూస్తున్నవ్" అని అరవడం అలవాటైన వారికి ఈ మౌనం మొదట్లో ఊపిరాడనివ్వదు.

ఈ తరగతిలో మొదటి రోజు నుంచే బిడ్డింగ్ బాక్సులు పెడతారు. నోటితో పలకకుండా, అట్టముక్కలు తీసి బల్ల మీద పెట్టే ఏర్పాటు ఇది. పాస్ అట్ట ఆకుపచ్చ, డబుల్ అట్ట ఎరుపు, రీడబుల్ అట్ట నీలం. ఒక బాక్సులో పాస్ అట్టలు పోగా, ఎవరో ఆకుపచ్చ చార్టు కాగితం కత్తిరించి వాటి స్థానంలో పెట్టారు. పని జరుగుతున్నది గాని, నెలనెలా ఫీజు వసూలు చేసే చోట ఒక కొత్త బాక్సు కొనలేరా అనిపించింది. మాటకు బదులు అట్ట వాడటం వల్ల గొంతులోని హెచ్చుతగ్గులు వాటంతట అవే తొలగిపోతాయన్నది మాత్రం నిజం. పెద్ద పోటీల్లోనూ ఇవే వాడతారు గనుక ఇక్కడి అలవాటు తర్వాత అక్కరకు వస్తుంది.

పరిభాషను వీరు చెప్పే పద్ధతి నాకు బాగా నచ్చింది. 'వల్నరబుల్' అన్న మాటనే తీసుకోండి. చాలామంది దీన్ని ఓడితే ఎక్కువ జరిమానా అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తారు. ఇక్కడ బోర్డు తెచ్చి ముందు పెట్టారు. నాలుగు చేతుల పత్తాలు విడివిడిగా దాచే ప్లాస్టిక్ పెట్టె అది. ఏ జట్టు అరలు ఎరుపు రంగులో ఉంటే ఆ జట్టు వల్నరబుల్. జట్లను వారు కూర్చున్న దిక్కుల పేర్లతో పిలుస్తారు. ఒకటో బోర్డులో ఎవరూ కారు, రెండో బోర్డులో ఉత్తర దక్షిణాలు, మూడో బోర్డులో తూర్పు పడమరలు, నాలుగో బోర్డులో అందరూ. తరువాత ఒక లెక్క వేయించారు. ఎదుటి జట్టు వల్నరబుల్‌గా ఉండి నాలుగు ఇస్పేట్లు నెగ్గబోతున్నది, దానికి వారికి 620 వస్తాయి. మనం అడ్డుపడి ఐదు డైమన్లు అన్నాం, వారు డబుల్ కొట్టారు, అంటే పందెం పెంచారు, మూడు ట్రిక్కులు తక్కువ పడ్డాయి. మనం వల్నరబుల్ కాకపోతే పోయేవి 500, అంటే ఓడి కూడా 120 మిగుల్చుకున్నాం. వల్నరబుల్ అయితే పోయేవి 800, ఊరుకోవడమే మేలయ్యేది. తెలిసి తెలిసి ఓడిపోయే ఈ బిడ్‌నే 'శాక్రిఫైస్' అంటారని ఆ తర్వాత చెప్పారు. లెక్క ముందు, పేరు తర్వాత. ఆ వరుసే ఈ తరగతి ప్రత్యేకత.

అదే చోట చిన్న కథ కూడా చెప్పారు. ఇప్పుడు లోకమంతా ఆడే కాంట్రాక్ట్ బ్రిడ్జ్ లెక్కలను హెరాల్డ్ వాండర్‌బిల్ట్ 1925లో పనామా కాలువ మీదుగా సాగిన ఓడ ప్రయాణంలో పరీక్షించి చూశాడు. వల్నరబుల్ అన్న పేరు సూచించింది ఆ ఓడలోనే ప్రయాణిస్తున్న ఒక యువతి. ఇలాంటి కథలు పాఠాన్ని పట్టాలు తప్పించకుండా, మాటను మాత్రం మనసులో నాటి పోతాయి. 'యార్‌బరో' కూడా అలాగే గుర్తుండిపోయింది. తొమ్మిదికి మించిన పత్తా ఒక్కటి కూడా లేని దరిద్రపు చేతికి ఆ పేరు. యార్‌బరో ప్రభువు అలాంటి చెయ్యి రాదని వెయ్యికి ఒకటి చొప్పున పందెం కాసేవాడట. అసలు అవకాశం 1,827 కు ఒకటి గనుక లాభం ఎప్పుడూ ఆయనదే. లెక్కలు తెలిసినవాడే ప్రభువయ్యాడని పక్కనున్న కుర్రవాడొకడు అన్నాడు. గది నవ్వింది గాని, గుణించి చూసినవారు తక్కువ.

సంకేతపు బిడ్ల దగ్గరికి వచ్చేసరికి కొత్తవారికి ఇబ్బంది మొదలవుతుంది. బ్రిడ్జ్‌లో కొన్ని బిడ్లు పలికినదానికి, ఉద్దేశించినదానికి సంబంధం ఉండదు. వాటిని 'కన్వెన్షన్' అంటారు. అందరూ వాడే 'స్టేమన్' పద్ధతిని 1945లో సామ్యూల్ స్టేమన్ అచ్చు వేయించాడు గాని, అసలు ఆలోచన ఆయన జోడీ ఆటగాడు జార్జ్ రపేది. పేరు మాత్రం రాసినవాడికే దక్కింది. మన జోడీ ఒక నో ట్రంప్‌తో వేలం తెరిచాడు, అంటే ఈ తరగతి పద్ధతి ప్రకారం ఆయన చెయ్యి సమతూకంగా ఉండి 15 నుంచి 17 పాయింట్లు ఉన్నాయి. ఆసుకు నాలుగు, రాజుకు మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి చొప్పున ఆ పాయింట్లు లెక్కిస్తారు. దానికి మనం రెండు కళావర్లు అంటే, కళావర్లు ఉన్నాయని కాదు. "నీ దగ్గర ఆఠీన్లు గాని ఇస్పేట్లు గాని నాలుగు ఉన్నాయా?" అని అడుగుతున్నామని అర్థం. ఉంటే ఆ రంగు పలకాలి, రెండూ లేకపోతే రెండు డైమన్లు అనాలి.

ఇది చెప్పిన మర్నాడు పక్క బల్ల మీద జరిగింది చూడదగ్గది. విరమించిన లెక్చరర్ ఒకాయన ఒక నో ట్రంప్ తెరిచారు, ఎదురుగా కూర్చున్న యువతి రెండు కళావర్లు పెట్టింది, ఆయన పాస్ అట్ట తీసి పెట్టేశారు.

"పాస్ ఎందుకు పెట్టిన్రు సార్?" అన్నారు నేర్పే పెద్దమనిషి.

"నా దగ్గర ఉన్నయే రెండు కళావర్లు, ఇంకేం జెయ్యాలె?"

"ఆ అమ్మాయి మిమ్మల్ని ప్రశ్న అడిగింది సార్. ప్రశ్నకు పాస్ జవాబు గాదు."

ఆట మాత్రం ఆపలేదు. రెండు కళావర్ల కాంట్రాక్టు అలాగే ఆడించారు. ఆ అమ్మాయి చేతిలో ఉన్నది ఒకే ఒక్క కళావరు. తురుపు రంగులో ఇద్దరికీ కలిపి మూడు పత్తాలతో ఆడి, లెక్కపెట్టడం ఎందుకనిపించేన్ని ట్రిక్కులు తక్కువతో డౌన్ అయ్యారు. తర్వాత పత్తాలు తెరిచి చూపిస్తే, ఇద్దరి దగ్గరా నాలుగేసి ఆఠీన్లు, కలిపి 26 పాయింట్లు, నాలుగు ఆఠీన్ల గేమ్ (బోనస్ దక్కే కాంట్రాక్టు) సులువుగా నెగ్గే చేతులు. నేర్పేవారు మధ్యలో దిద్ది ఉంటే ఇంత గట్టిగా ఎవరికీ గుర్తుండేది కాదు. నాలుగు నో ట్రంప్‌తో ఆసులు ఎన్నని అడిగే 'బ్లాక్‌వుడ్' పాఠం ఆ తర్వాత వచ్చింది. అది ఇండియానాపోలిస్ బీమా ఉద్యోగి ఈస్లీ బ్లాక్‌వుడ్ 1933లో కనిపెట్టిన పద్ధతి. ఆ పాఠంలో ఎవరూ తొందరపడి పాస్ పెట్టలేదు.

ఆట మొదలైన తర్వాతి మాటలను కూడా బల్ల మీదనే చెబుతారు. కాంట్రాక్టు గెలిచిన జట్టులో ఆ రంగును గాని నో ట్రంప్‌ను గాని మొదట పలికినవాడు 'డిక్లేరర్', అతని జోడీ 'డమ్మీ'. డమ్మీ తన పత్తాలు బల్ల మీద పరిచి కూర్చోవాలి. ఏ పత్తా వేయాలో చెప్పకూడదు, ముఖంలో కూడా చూపించకూడదు. ఆ చుట్టులో మొదట పడిన రంగును డిక్లేరర్ వేయకుండా వేరే రంగు వేసినప్పుడు మాత్రం, ఆ రంగు నీ దగ్గర లేదా అని అడగవచ్చు. ఆ రంగు ఉండీ వేయకపోతే అది 'రివోక్', దానికి ట్రిక్కులు వదులుకోవాలి. మన ఊరి ఆటల్లో ఇది గొడవకు మూలం. ఇక్కడ దానికొక నియమం, ఆ నియమం చెప్పడానికి డైరెక్టర్ ఉంటారు.

'ఫినెస్' దగ్గర కాస్త ఎక్కువ సమయం తీసుకున్నారు, తీసుకోవాలి కూడా. డమ్మీలో ఆసు, రాణి ఉన్నాయి, రాజు ఎవరి దగ్గరున్నదో తెలియదు. డిక్లేరర్ తన చేతి నుంచి చిన్న పత్తా ఆడి, ఎడమవైపు ఆటగాడు చిన్నది వేస్తే, డమ్మీ నుంచి ఆసు కాక రాణి వేస్తాడు. రాజు ఆ ఎడమవైపు వాడి దగ్గరుంటే రాణి గెలుస్తుంది, వెనకవాడి దగ్గరుంటే ఓడుతుంది. సగానికి సగం అవకాశం. దీని వెంటనే ఆటగాళ్లలో నానుడిగా తిరిగే 'ఎయిట్ ఎవర్, నైన్ నెవర్' సూత్రాన్ని తెచ్చారు. రాణి ఒక్కటే మన దగ్గర లేని రంగులో మనకు ఎనిమిది పత్తాలుంటే ఫినెస్ చెయ్యి, తొమ్మిదుంటే ఆసు, రాజు వేసి రాణి పడుతుందని చూడు అని దాని సారం. చాలాచోట్ల ఈ సూత్రాన్ని వేదవాక్కుగా అప్పగిస్తారు. ఇక్కడ అలా చేయలేదు. బయట నాలుగు పత్తాలున్నప్పుడు అవి చెరి రెండుగా విడిపోయే అవకాశం దాదాపు 40 శాతమేనని, మూడు ఒకటిగా విడిపోయే అవకాశం దాదాపు 50 శాతమని, కాబట్టి తొమ్మిది పత్తాల దగ్గర రెండు మార్గాలకూ తేడా చాలా స్వల్పమని వేసి చూపించారు. ఏ చిన్న ఆనవాలు దొరికినా సూత్రాన్ని పక్కన పెట్టవచ్చన్నమాట. లెక్కల మాస్టర్లకు పెట్టింది పేరైన ఊళ్లో ఈ పాఠం మంచి చర్చకు దారితీసింది.

ఇక వ్యావహారికం. బ్రిడ్జ్ ఆటగాళ్లు ఆట తర్వాత మాట్లాడుకునే భాష నియమాల పుస్తకంలో ఉండదు. పాత సభ్యులు ఆట ముగిశాక చేసే 'పోస్ట్‌మార్టం' వింటే కొత్తవారికి ఒక్క ముక్క అర్థం కాదు. ఒక సాయంత్రం వినిపించిన వాక్యం ఇది: "ఫోర్ హార్ట్స్ కోల్డ్ ఉండె గద భయ్, ఉత్తగనే హుక్ కొట్టినవ్, టాప్ వచ్చేకాడ బాటం వచ్చింది." అంటే నాలుగు ఆఠీన్ల కాంట్రాక్టు ఏ ప్రమాదమూ లేకుండా నెగ్గే స్థితిలో ఉన్నది, అదే 'కోల్డ్'. అయినా అవసరం లేని ఫినెస్ చేసి ఓడిపోయాడు, 'హుక్' అన్నా ఫినెస్ అన్నా ఒకటే. పోటీ ఆటలో అవే పత్తాలు అన్ని బల్లల మీదకూ తిరుగుతాయి. ఒక బోర్డులో అందరికన్నా మంచి ఫలితం తెచ్చుకున్న జట్టుది 'టాప్', అందరికన్నా తక్కువ తెచ్చుకున్నది 'బాటం'. ఒక్క వాక్యంలో నాలుగు మాటలు. అవి తెలియనివాడు నవ్వుతున్నవారి మధ్య నవ్వడమా మానడమా అని తేల్చుకోలేక కూర్చుంటాడు.

ఈ వ్యావహారికాన్ని ప్రత్యేకంగా ఒక పాఠంగా చెప్పకపోవడం ఈ తరగతిలోని ప్రధానమైన లోపం. తోచినప్పుడు తోచిన మాట చెబుతారు. ఒంటరి పత్తాను 'సింగిల్టన్' అని నేర్పి, తర్వాత అందరూ 'స్టిఫ్' అంటుంటే రెండూ ఒకటేనని చెప్పేవారుండరు. రాణో జాకీయో తేల్చి చెప్పనక్కర లేనప్పుడు 'క్వాక్' అంటారన్నది కూడా అడిగితేనే తెలిసింది. పక్కన కూర్చుని ఆట చూసేవాడు 'కిబిట్సర్', అతను నోరు విప్పకూడదు. ఆలోచించడానికేమీ లేకపోయినా ఆలోచిస్తున్నట్టు నటించి ఎదుటివారిని తప్పుదోవ పట్టించడం 'కాఫీహౌసింగ్', అది తప్పు. ఈ చివరి రెండూ సరదా మాటలు కావు, నడవడికకు సంబంధించినవి. వీటిని మొదటి వారంలోనే చెప్పి ఉండాలి.

సరదా మాటలకు ఇక్కడ కొదవ లేదు. డైమన్లు తురుపుగా లేని ఆటలో, కాంట్రాక్టు నెగ్గుతూ చివరి ట్రిక్కును డైమను ఏడుతో గెలిస్తే, గెలిచినవానికి అతని జోడీ బీరు ఇప్పించాలన్నది బ్రిడ్జ్ లోకంలో ఆచారం. అందుకే డైమను ఏడు 'బీర్ కార్డ్' అయింది. ఈ గదిలో దాన్ని చాయ్‌గా మార్చుకున్నారు. కింది హోటల్‌కు కేక వేస్తే కప్పులు పైకి వస్తాయి. కొందరు ఆ చాయ్ కోసమే డైమను ఏడును చివరిదాకా దాచి, దక్కవలసిన ట్రిక్కు పోగొట్టుకోవడం కూడా చూశాను.

ఇప్పుడు కాగితాల సంగతి. చేరిన వెంటనే పదాల పట్టిక ఒకటి జిరాక్స్ తీసి ఇస్తారు. అది ఇంగ్లీషు అక్షరాల వరుసలో ఉంటుంది. మొదటి రోజే కావలసిన వల్నరబుల్ చివరి పేజీలో, ఏడాది తర్వాత గాని అక్కరకు రాని 'బాత్ కూ' అనే ఎత్తు మొదటి పేజీలో. నియమాల భాష, ఆటగాళ్ల యాస రెండూ ఏ గుర్తూ లేకుండా కలిసిపోయాయి. ఫినెస్‌కు ఒక చోట వివరణ, హుక్‌కు మరో చోట వేరే వివరణ. చదివినవారు రెండు వేరని అనుకుంటారు. అన్నిటికన్నా చికాకు ముద్రణది. జిరాక్సు మీద జిరాక్సు తీయడం వల్ల చిన్న అక్షరాల్లో ఆఠీను గుర్తుకు, ఇస్పేటు గుర్తుకు తేడా తెలియడం లేదు. ఉదాహరణ చేతుల్లో ఏ పత్తా ఏ రంగో ఊహించుకోవలసి వస్తున్నది. రంగుల గుర్తుల బదులు పేర్లే తెలుగులో రాసి, పాఠాల వరుసలో పెట్టి, యాస మాటలకు పక్కన ఒక చుక్క గుర్తు పెడితే సరిపోయే పని ఇది. అడిగితే చేస్తామన్నారు, ఇది రాసే నాటికి చేయలేదు.

ఆ లోటు పూడ్చుకోవడానికి కొందరు బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్ వాడుతున్నారు. అక్కడ కంప్యూటర్ ఆటగాళ్లతో ఉచితంగా సాధన చేయవచ్చు, అవి పెట్టిన బిడ్‌ను నొక్కితే దాని అర్థం కనిపిస్తుంది. అయితే ఆ అర్థాలు ఆ కంప్యూటర్ పద్ధతివి, ఇక్కడ నేర్పే పద్ధతితో అన్ని చోట్లా కలవవు. మొదటి నెలలో రెండూ కలిపితే తల తిరుగుతుంది. తరగతిలో స్టేమన్, బ్లాక్‌వుడ్ కుదురుకున్నాక మొదలుపెట్టడం మేలు.

గది విషయం క్లుప్తంగా చెబుతాను. గాలి వస్తుంది, వెలుతురు చాలదు, మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవారికి కష్టం. ఫీజు ఎక్కువ కాదు. పైసలు పెట్టి ఆడటం ఎంతమాత్రం లేదు, ఆ సంగతి గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉన్నది. ఇంట్లో పత్తాలాట అనగానే ముఖం మాడ్చుకునే వారికి చూపించడానికి పక్కనే మరొక కాగితం కూడా అతికించారు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో బ్రిడ్జ్ పురుషుల జంటల విభాగంలో ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ స్వర్ణం గెలిచిన వార్త అది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన క్రీడల్లో మన పురుషుల జట్టు రజతం తెచ్చిన సంగతి దాని కింద చేతిరాతతో చేర్చారు.

చేరే ముందు ఒకటి కనుక్కోండి. కొత్తవారి బల్లను, పాతవారి బల్లను కొన్ని సాయంత్రాలు కలిపేస్తున్నారు. పాతవారితో కూర్చున్న కొత్తవారికి బిడ్డింగ్‌లో మౌనం, పోస్ట్‌మార్టంలో అయోమయం తప్ప మిగిలేది తక్కువ. విడిగా బల్ల వేసే రోజులేవో అడిగి ఆ బ్యాచ్‌లో చేరండి. పదాల పట్టిక అక్కరలేదని చెప్పి, ఒక గీతల నోటు పుస్తకం వెంట తీసుకెళ్లండి. పోటీలకు వెళ్లే ఉద్దేశం ఉన్నవారు స్కోరింగ్, నియమాల పాఠం విడిగా అడగవలసి ఉంటుంది. అడిగినవారికి డైరెక్టర్‌గా కూర్చునే పెద్దమనిషి ఆట అయ్యాక కూర్చోబెట్టుకుని చెబుతున్నారు.